సైనిక ఎయిర్‌వర్తీనెస్ సంస్థల పరస్పర గుర్తింపు: సిద్ధం కావడం నుంచి నిలబెట్టుకోవడం దాకా

విజయవాడ ఆటోనగర్‌లో సీఎన్‌సీ యంత్రాల మీద విమాన భాగాలు చేయాలనుకుంటున్న యూనిట్ల వారు, మంగళగిరి చుట్టుపక్కల డ్రోన్ల తయారీకి దిగిన యువ ఇంజినీర్లు, వాయుసేన టెక్నికల్ ట్రేడ్‌లలో పనిచేసి గుంటూరులో స్థిరపడి క్వాలిటీ విభాగాలకు సలహాలిస్తున్న మాజీ సైనికులు తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. విమానం సురక్షితంగా ఎగరడానికి తగినదా (ఎయిర్‌వర్తీనెస్) అని చూసే మన సైనిక సంస్థ ఇచ్చిన ఆమోదాన్ని మరో దేశపు సైన్యం ఒప్పుకుంటుందా, ఒప్పుకోవాలంటే ఏం చేయాలి?

దానంతట అది ఒప్పుకోదు. రెండు దేశాల సంస్థలు ఒకదాని పనితీరును మరొకటి పరిశీలించి, ఏ పనికి ఎంతవరకు నమ్మవచ్చో రాతపూర్వకంగా తేల్చుకున్న తర్వాతే అది సాధ్యమవుతుంది. ఆ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ చెడే అవకాశం ఉందో ఇక్కడ వివరిస్తున్నాను. గుర్తింపు పత్రం మీద సంతకం చేసేది ప్రభుత్వ సంస్థలే గాని పరిశ్రమ కాదు; అయితే ఆ సంతకానికి కావలసిన ఆధారాల్లో చాలా భాగం పరిశ్రమ దస్త్రాల్లోనే ఉంటుంది కనుక ఇరువర్గాలకూ పనికొచ్చేలా రాశాను.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

1944 నాటి షికాగో ఒప్పందంలోని 3వ అధికరణం ప్రకారం సైనిక, కస్టమ్స్, పోలీసు సేవల్లో వాడే విమానాలు ప్రభుత్వ విమానాలు. వాటికి ఆ ఒప్పందం వర్తించదు. పౌర విమానాల విషయంలో 8వ అనుబంధం కనీస ప్రమాణాలను నిర్ణయిస్తుంది, ఆ ప్రమాణాలకు తగ్గకుండా ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఇతర దేశాలు గుర్తించాలని 33వ అధికరణం చెబుతుంది. సైనిక విమానాలకు అలాంటి ఉమ్మడి కనీస ప్రమాణం లేదు. ఏ దేశం నియమాలు ఆ దేశానివే. అందుకే ఇక్కడ నమ్మకాన్ని ఆధారాలతో కట్టుకోవలసి వస్తుంది.

ఈ పనిలో మూడు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చే చిక్కులే ఎక్కువ.

సంస్థ గుర్తింపు: ఎదుటి సంస్థకు ఫలానా పనిని మనం ఆశించే స్థాయిలో చేయగల వ్యవస్థ, సిబ్బంది, అధికారం ఉన్నాయని నిర్ధారించడం.

పత్రం ఆమోదం: ఆ సంస్థ ఇచ్చిన ఒక నిర్దిష్ట సర్టిఫికెట్‌నో, పరీక్షా ఫలితాన్నో, ఆడిట్ నివేదికనో మన నిర్ణయానికి ఆధారంగా స్వీకరించడం. సంస్థను గుర్తించినంత మాత్రాన దాని పత్రాలన్నీ ఆమోదం పొందినట్టు కాదు.

బాధ్యత: ఇది ఎప్పుడూ చేతులు మారదు. మన రిజిస్టర్‌లోని విమానం మన గగనతలంలో కూలితే, ఎదుటి దేశపు సర్టిఫికెట్‌ను చూపి తప్పుకునే వీలు మన సంస్థకు ఉండదు. ఎదుటివారి పనిని మనం వాడుకుంటాం, నిర్ణయం మాత్రం మనదే.

గుర్తింపు గొలుసుగా సాగదని కూడా ముందే గమనించాలి. ఒక దేశం రెండో దేశాన్ని, రెండో దేశం మూడో దేశాన్ని గుర్తించినంత మాత్రాన మొదటి దేశం మూడో దేశాన్ని గుర్తించినట్టు కాదు. పరస్పరం అన్నారు కదా అని రెండు వైపులా పరిధి ఒకేలా ఉండాలనే నియమమూ లేదు. ఒక వైపు నుంచి డిజైన్, ఉత్పత్తి రెండూ, మరో వైపు నుంచి మెయింటెనెన్స్ ఒక్కటే గుర్తించుకున్నా తప్పులేదు.

2. కోరుకుంటున్న ఫలితాన్ని ఒక పేజీలో రాయండి

నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అతి ముఖ్యమైన కాగితం ఇదే. చాలాచోట్ల దీన్ని రాయకుండా నేరుగా ఒప్పందపు ముసాయిదాకు వెళతారు. ఆ తర్వాత జరిగే ప్రతి సమావేశంలోనూ అసలు మనకేం కావాలన్న చర్చే మళ్ళీ మొదలవుతుంది.

పేజీ మొత్తం ఒకే ప్రశ్నకు జవాబు కావాలి: ఎదుటి సంస్థ ఇప్పటికే చేసిన ఏ పనిని మనం మళ్ళీ చేయకుండా ఉండదలచుకున్నాం?

"రెండు దేశాల మధ్య ఎయిర్‌వర్తీనెస్ రంగంలో సహకారాన్ని పెంపొందించడం" అని రాస్తే అది జవాబు కాదు. దాన్ని బట్టి ఎవరూ ఏదీ పరిశీలించలేరు. "ఫలానా రవాణా విమానపు ల్యాండింగ్ గేర్ భాగాలను తయారుచేసే యూనిట్లకు ఎదుటి సంస్థ ఇచ్చే ఉత్పత్తి ఆమోదాన్ని, మనం విడిగా ఆడిట్ చేయకుండా అంగీకరించడం" అని రాస్తే ఏ నియమాలు చదవాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ దస్త్రం తెరవాలో వెంటనే తెలుస్తుంది.

పరిధిని విడగొట్టడానికి యూరోపియన్ డిఫెన్స్ ఏజెన్సీ ఆధ్వర్యంలో 2008లో ఏర్పడిన మావా (సైనిక ఎయిర్‌వర్తీనెస్ అధికార సంస్థల) వేదిక రూపొందించిన ఈమార్ (యూరప్ సైనిక ఎయిర్‌వర్తీనెస్) నియమాల వర్గీకరణ అనుకూలంగా ఉంటుంది. ఈమార్ 21 డిజైన్, ఉత్పత్తి, సర్టిఫికేషన్‌కు సంబంధించినది. ఈమార్ ఎమ్ సేవలో ఉన్న విమానాల ఎయిర్‌వర్తీనెస్‌ను కొనసాగించడం గురించి, ఈమార్ 145 మెయింటెనెన్స్ సంస్థల గురించి, ఈమార్ 66 మెయింటెనెన్స్ సిబ్బంది లైసెన్సుల గురించి, ఈమార్ 147 శిక్షణ సంస్థల గురించి చెబుతాయి. మీకు కావలసింది వీటిలో ఏది? అన్నీ కావాలని రాయకండి. మొదటి విడతలో ఒకటి, తప్పనిసరైతే రెండు చాలు.

సీ-295 రవాణా విమానాల ఒప్పందాన్ని ఆలోచనకు తీసుకోండి. 2021 సెప్టెంబరులో కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం మొత్తం 56 విమానాల్లో 16 స్పెయిన్ నుంచి సిద్ధంగా రావలసినవి, 40 వడోదరలో తయారు కావలసినవి. డిజైన్ ఒక దేశంలో, ఉత్పత్తి మరో దేశంలో ఉండే ఇలాంటి పనుల్లో డిజైన్ మార్పును ఎవరు ఆమోదించాలి, తయారీలో నమూనా నుంచి పక్కకు జరిగిన భాగాన్ని వాడవచ్చునని ఎవరు తేల్చాలి, సేవలో బయటపడ్డ లోపాన్ని ఎవరికి ముందు తెలపాలి అనే మూడు ప్రశ్నలకు ఆ పేజీలోనే జవాబు ఉండాలి.

సరిచూసుకోవలసినవి:

☐ మళ్ళీ చేయకుండా మానదలచుకున్న పని ఒక్క వాక్యంలో ఉంది.
☐ ఏ విమానం, ఏ వ్యవస్థ, లేదా ఏ రకం సంస్థ అన్నది స్పష్టంగా ఉంది.
☐ పరిధిలోకి రానివాటిని కూడా రాశారు.
☐ ఆ ఫలితం ఎప్పటికి కావాలో, ఏ కార్యక్రమం దాని మీద ఆధారపడి ఉందో ఉంది.
☐ సంతకం చేయవలసిన అధికారి దీన్ని చదివి ఒప్పుకున్నారు.

3. ఎదుటివైపు ఎవరి సంతకం చెల్లుతుందో కనుక్కోండి

దేశానికి ఒకే సంస్థ ఉంటుందని అనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లో మిలిటరీ ఏవియేషన్ అథారిటీ, ఆస్ట్రేలియాలో డిఫెన్స్ ఏవియేషన్ సేఫ్టీ అథారిటీ, జర్మనీలో లుఫ్ట్‌ఫార్ట్‌ఆంట్ డెర్ బుండెస్‌వేర్ ఉన్నాయి. అమెరికాలో వాయుసేన, సైన్యం, నౌకాదళం మూడింటికీ వేర్వేరు ఎయిర్‌వర్తీనెస్ అధికార వ్యవస్థలున్నాయి కనుక ఒకరితో కుదిరిన గుర్తింపు మిగతా ఇద్దరికీ వర్తిస్తుందని భావించకూడదు. ఫ్రాన్స్‌లో టైప్ సర్టిఫికేషన్‌కు (ఒక రకం విమానపు డిజైన్‌ను ఆమోదించడానికి) సంబంధించిన సాంకేతిక పని రక్షణ కొనుగోళ్ళ సంస్థ డీజీఏ వైపు, నియమాలు, ఎయిర్‌వర్తీనెస్ పర్యవేక్షణ ప్రభుత్వ విమానాల భద్రతా విభాగం డీఎస్ఏఈ వైపు ఉంటాయి. స్పెయిన్‌లో రక్షణ శాఖ ఆయుధ, సామగ్రి విభాగం డీజీఏఎమ్‌కు జాతీయ ఏరోస్పేస్ సంస్థ ఐఎన్‌టీఏ సాంకేతికంగా తోడుగా పనిచేస్తుంది.

మన పరిస్థితిని కూడా ఎదుటివారు ఇలాగే అడుగుతారు. బెంగళూరులోని సెమిలాక్ డిజైన్ ఎయిర్‌వర్తీనెస్‌ను, ఆమోదాలను చూస్తుంది. హైదరాబాదుతో సహా పలుచోట్ల దాని ప్రాంతీయ కేంద్రాలున్నాయి. రక్షణ ఉత్పత్తి విభాగం కిందనున్న డీజీఏక్యూఏ నాణ్యతా హామీని చూస్తుంది. సేవలో ఉన్న విమానాల నిర్వహణ ఆయా సేనల చేతుల్లో ఉంటుంది. ఈ పంపకాన్ని ఒక బొమ్మగా గీసి, ప్రతి పనికి ఎదురుగా సంతకం చేసే హోదాను రాసి ముందే ఇవ్వండి. అలా ఇవ్వకపోతే మొదటి సమావేశం అంతా ఆ వివరణకే సరిపోతుంది. పైగా మూడు కార్యాలయాలు మూడు రకాలుగా జవాబిస్తే ఎదుటివారికి అనుమానం మొదలవుతుంది.

4. ప్రశ్నావళికి మన జవాబులు మనమే ముందు రాసుకోవాలి

మావా వేదిక గుర్తింపు ప్రక్రియను ఈమ్యాడ్-ఆర్ అనే పత్రంలో వివరించింది. దానికి మూలం మార్క్ అని పిలిచే ప్రశ్నావళి. ఇవి యూరప్ కోసం తయారైనవే అయినా, యూరప్‌లో లేని ఆస్ట్రేలియా తన నియమాలను 2016 నుంచి ఈమార్ నమూనా మీదే నడుపుతోంది కనుక ఆ భాష బయట కూడా చెల్లుతోంది. మనం ఎవరితో మాట్లాడినా ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

ప్రశ్నలు ప్రధానంగా ఈ విషయాల చుట్టూ తిరుగుతాయి: సంస్థకు అధికారం ఏ చట్టం లేదా ఏ ఉత్తర్వు నుంచి వచ్చింది, కార్యక్రమం నడిపేవారి నుంచి అది ఎంత స్వతంత్రంగా ఉంది, సిబ్బంది అర్హతలను ఎలా నిర్ణయిస్తారు, డిజైన్, ఉత్పత్తి, మెయింటెనెన్స్ సంస్థలను ఎలా ఆమోదించి ఎలా పర్యవేక్షిస్తారు, ఆడిట్‌లో దొరికిన లోపాలను ఎలా మూసివేస్తారు, ప్రమాదాలు, సంఘటనల సమాచారం ఎలా వస్తుంది, దాని మీద ఆదేశాలు ఎలా వెళతాయి.

ప్రతి జవాబుకూ మూడు అంచెలు ఉండాలి. మొదటిది నియమం, అంటే ఏ పత్రంలో ఏ పేరాలో ఉందన్నది. పాత డీడీపీఎంఏఎస్-2002 స్థానంలో వచ్చిన సైనిక ఎయిర్‌వర్తీనెస్ నియమావళి ఇమ్‌టార్-21 మన వైపు ఇక్కడ ఆధారమవుతుంది. రెండోది ఆ నియమాన్ని అమలుచేసే పద్ధతి, అంటే కార్యాలయంలో నిజంగా వాడే సూచనల పత్రం. మూడోది ఆ పద్ధతిని వాడినట్టు చూపే రికార్డు. మొదటి అంచెతో ఆపేసిన జవాబు చూడటానికి నిండుగా ఉంటుంది గాని, పరిశీలకుడు వెంటనే "దీన్ని చివరిసారి ఎప్పుడు వాడారు" అని అడుగుతాడు.

స్వతంత్రత గురించిన ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. సెమిలాక్ డీఆర్‌డీఓలో భాగం, విమానాలను, ఆయుధాలను రూపొందించే ప్రయోగశాలలూ డీఆర్‌డీఓవే. ఈ సంగతి ఎదుటివారికి ముందే తెలుసు. దాన్ని దాటవేసే జవాబు రాయడం కన్నా, డిజైన్ చేసిన వారి ఒత్తిడి వచ్చినప్పుడు కాదనగల అధికారం ఏ హోదాకు ఉంది, ఆ నిర్ణయాన్ని ఎవరు మార్చగలరు, మార్చితే అది ఎక్కడ నమోదవుతుంది, ఆమోదం నిరాకరించిన లేదా షరతులతో పరిమితం చేసిన సందర్భాలకు రికార్డులు ఉన్నాయా అన్నవి చూపడమే సరైన పద్ధతి. 2006లో అఫ్గానిస్థాన్ గగనతలంలో బ్రిటన్ వాయుసేన నిమ్రాడ్ నిఘా విమానాన్ని కోల్పోయాక 2009లో వెలువడిన సమీక్ష ఫలితంగానే బ్రిటన్ 2010లో తన ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకుంది. ఆ అనుభవం ఉన్నవారు ఈ ప్రశ్నను మర్యాదకు అడగరు.

సరిచూసుకోవలసినవి:

☐ ప్రతి జవాబుకూ నియమం, పద్ధతి, రికార్డు మూడూ ఉన్నాయి.
☐ "వర్తించదు" అని రాసిన ప్రతిచోటా కారణం ఉంది.
☐ లోటు ఉన్నచోట లోటని రాసి, పూడ్చే తేదీ, బాధ్యుడి హోదా ఇచ్చారు.
☐ సెమిలాక్, డీజీఏక్యూఏ, సేనల వైపు జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి.
☐ రహస్య సమాచారం ఉన్న అనుబంధాలను విడదీశారు.

5. తేడాలను తూచే పద్ధతి

రెండు నియమావళులను పక్కపక్కన పెట్టి పేరాకు పేరా పోల్చే పట్టికలు తయారుచేయడం మనవాళ్ళకు ఇష్టమైన పని. అది ఎంత పెద్దదైనా ఉపయోగం తక్కువ, ఎందుకంటే ఒకే ఉద్దేశాన్ని రెండు దేశాలు రెండు దారుల్లో సాధించవచ్చు. ఉద్దేశానికి ఉద్దేశాన్ని పోల్చండి. సర్టిఫికేషన్ ప్రమాణాలకైతే అమెరికా వాడే మిల్-హ్యాండ్‌బుక్-516సి, దాని ఆధారంగా యూరప్ రూపొందించిన ఈమాక్ రెండూ వ్యవస్థల వారీగా ఉన్నాయి కనుక పోలికకు మంచి చట్రం అవుతాయి.

నిజంగా సమయం పెట్టవలసిన చోట్లు మూడు.

5.1 ప్రమాద తీవ్రతల పట్టిక

అమెరికా రక్షణ శాఖ భద్రతా ప్రమాణమైన మిల్-స్టాండర్డ్-882ఈ లో తీవ్రతకు నాలుగు తరగతులున్నాయి. అన్నిటికన్నా పై తరగతిలోకి మరణం, శాశ్వత పూర్తి వైకల్యం వస్తాయి, కోటి డాలర్లు లేదా అంతకు మించిన నష్టమూ వస్తుంది. వేరే దేశపు పట్టికలో డబ్బు నష్టానికి చోటు ఉండకపోవచ్చు, లేదా ఒకరి మరణానికీ విమానంలోని అందరి మరణానికీ వేర్వేరు తరగతులు ఉండవచ్చు. కాబట్టి ఎదుటివారు "మధ్యస్థం" అన్న ప్రమాదాన్ని మన పట్టికలో అదే పేరున్న గడిలో పెట్టకూడదు. ప్రమాద వర్ణనను, సంభావ్యతకు ఆధారమైన అంకెను అడిగి తీసుకుని మన పట్టికలో మనమే చోటు నిర్ణయించాలి.

5.2 నిర్మాణ ఆయుష్షు

అమెరికా వాయుసేన మిల్-స్టాండర్డ్-1530 ప్రకారం, పగులు ఇప్పటికే ఉందని భావించి అది ప్రమాదకరంగా పెరిగేలోపే తనిఖీలో పట్టుకునే పద్ధతిని అనుసరిస్తుంది. అమెరికా నౌకాదళం సంప్రదాయంగా పగులు పుట్టేలోపే భాగాన్ని సేవ నుంచి తప్పించే లెక్కను వాడుతుంది. ఒకే దేశంలోని రెండు సేనల మధ్యే ఇంత తేడా ఉంది. ఏది మేలైనదన్న వాదనలోకి దిగనవసరం లేదు. మొదటి పద్ధతిలో వచ్చిన విమానాన్ని తీసుకుంటే దాని తనిఖీలు చేయగల పరికరాలు, మనుషులు మన స్థావరాల్లో ఉన్నారా అన్నదే చూడవలసింది.

5.3 మినహాయింపులు

సర్టిఫికెట్ మొదటి పేజీలో కనిపించనివి ఇవే. ఒక ప్రమాణాన్ని అందుకోలేక, షరతు మీద ఆమోదించిన ప్రతి అంశం జాబితాగా కావాలి. ఆ షరతు పైలట్ నడవడి మీద ఆధారపడితే, మన పైలట్లకు అదే శిక్షణ ఉందో లేదో చూడాలి.

ప్రతి తేడాకూ నాలుగింట్లో ఒక తీర్పు రాయండి: సమానం, తేడా ఉన్నా ప్రభావం లేదు, షరతుతో సరే, గుర్తింపు పరిధి నుంచి తొలగించాలి. ఐదో గడి పెట్టకండి. "తర్వాత చర్చిద్దాం" అనే గడి ఉన్న ప్రతి పట్టికా అందులోనే నిండిపోతుంది.

6. దస్త్రాల పరిశీలన ముందు, సందర్శన తర్వాత

ప్రశ్నావళి జవాబులను కార్యాలయంలో కూర్చుని చదివి, సందేహాల జాబితా తయారైన తర్వాతే మనుషులను పంపాలి. జాబితా లేకుండా వెళితే ఎదుటివారి ప్రెజెంటేషన్లు చూసి రావడమే అవుతుంది.

సందర్శనకు ముందు సమాచార మార్పిడి ఒప్పందం, భద్రతా అనుమతులు, ఎగుమతి నియంత్రణ అనుమతులు పూర్తి కావాలి. అమెరికా మూలం ఉన్న పరికరమైతే ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నియంత్రణ నియమాలు మూడో దేశంతో మాట్లాడటాన్ని కూడా కట్టడి చేస్తాయి. ఈ అనుమతులకు పట్టే కాలాన్ని అందరూ తక్కువగా అంచనా వేస్తారు. రెండో దశలో ఉన్నప్పుడే దరఖాస్తులు పెట్టడం మంచిది.

అక్కడ చేయవలసిన పనులు మూడే. పూర్తయిన ఒక సర్టిఫికేషన్ దస్త్రాన్ని దరఖాస్తు నుంచి తుది సంతకం దాకా చదవాలి. జరుగుతున్న ఒక ఆడిట్‌లో పరిశీలకులుగా కూర్చోవాలి. సంతకం చేసే స్థాయి వారితోనే కాక, లెక్కలు సరిచూసే స్థాయి వారితో కూడా మాట్లాడాలి. దస్త్రాన్ని ఎంచుకునేది వెళ్ళినవారే కావాలి. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు ఏ టిక్కీ విప్పి చూడాలో అమ్మేవాడిని అడగడు. జాబితా అడిగి, అందులోంచి ఒకటి సాఫీగా సాగినదీ, ఒకటి వివాదంతో ఆలస్యమైనదీ తీసుకుంటే చాలు. వివాదం వచ్చిన దస్త్రంలోనే సంస్థ ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో కనిపిస్తుంది.

7. గుర్తింపు పత్రంలో ఉండవలసిన మాటలు

పరిశీలన నివేదిక వేరు, గుర్తింపు పత్రం వేరు. నివేదికలో ఆధారాలు, తీర్పులు, మిగిలిన లోట్లు వివరంగా ఉంటాయి. పత్రం పొట్టిగా ఉండాలి. అందులో షరతులను ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా రాయాలి. నమూనాగా కొన్ని వాక్యాలు:

"ఈ గుర్తింపు పరికరాల స్థాయి డిజైన్ ఆమోదాలకు మాత్రమే వర్తిస్తుంది, విమానంలో వాటి అమరికకు వర్తించదు."

"ఆమోదానికి ఆధారమైన నియమావళిలో మార్పు చేసిన సంస్థ, ఆ మార్పు అమలులోకి రాకముందే రెండో సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి."

"భద్రతపై ప్రభావం చూపే లోపం తెలిసిన వెంటనే, విచారణ పూర్తయ్యే దాకా వేచి ఉండకుండా, రెండో సంస్థకు తెలియజేయాలి."

"ఈ గుర్తింపు ఆధారంగా తీసుకున్న నిర్ణయానికి బాధ్యత ఆ నిర్ణయం తీసుకున్న సంస్థదే."

వీటికి తోడు పత్రపు కాలపరిమితి, పునఃసమీక్ష పద్ధతి, ఇరువైపులా సంప్రదించవలసిన హోదాలు, భేదాభిప్రాయం వస్తే ఏ స్థాయిలో తేల్చుకోవాలన్నది, నిలిపివేసే పద్ధతి ఉండాలి. వ్యక్తుల పేర్లు రాయకండి. బదిలీలు అయ్యాక ఆ పేర్లకు ఉత్తరాలు రాస్తూ కూర్చోవలసి వస్తుంది.

8. ఒక వస్తువు మీద గుర్తింపును వాడటం: ఊహా ఉదాహరణ

విజయవాడలోని ఒక యూనిట్ హెలికాప్టర్ కాక్‌పిట్‌కు, నైట్ విజన్ గాగుల్స్‌తో వాడదగిన హెచ్చరిక దీపాల ప్యానెల్ తయారుచేసి, సెమిలాక్ నుంచి టైప్ అప్రూవల్ పొందిందనుకుందాం. మచిలీపట్నం బీఈఎల్ పుణ్యమా అని ఈ ప్రాంతంలో నైట్ విజన్ గురించి తెలిసినవారు ఉన్నారు కనుక ఉదాహరణ మరీ దూరమైనది కాదు. మన దేశానికీ కొనదలచిన దేశానికీ మధ్య పరికరాల స్థాయి గుర్తింపు ఉందని కూడా అనుకుందాం. ఇప్పుడు ఆ దేశపు సంస్థ ఈ వరుసలో పని చేస్తుంది.

8.1 పరిధి: పరికరం ఆమోదం గుర్తింపు కిందికి వస్తుంది. తమ హెలికాప్టర్‌లో దాన్ని బిగించే డిజైన్ రాదు. అది తామే ఆమోదించుకోవాలి.

8.2 కాన్ఫిగరేషన్: ఆమోదం పొందిన పార్ట్ నంబరు, డ్రాయింగ్ రివిజన్, పంపబోయే వస్తువు మూడూ ఒకటేనా? సరఫరాదారు మారి ఎల్‌ఈడీ మారినా అది మార్పే.

8.3 వినియోగం: అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. గాగుల్స్‌తో సరిపడే దీపాలకు మిల్-స్టాండర్డ్-3009 ప్రమాణం. గాగుల్స్‌లో క్లాస్ ఏ రకం 625 నానోమీటర్ల నుంచి, క్లాస్ బి రకం 665 నానోమీటర్ల నుంచి కాంతిని స్వీకరిస్తాయి. మన ప్యానెల్‌ను క్లాస్ బి గాగుల్స్ దృష్టిలో పెట్టుకుని ఎరుపు హెచ్చరికలతో చేసి ఉంటే అది మన దగ్గర సరిగ్గా పనిచేస్తుంది. అక్కడి పైలట్లు క్లాస్ ఏ వాడుతుంటే అదే ఎరుపు వారి గాగుల్స్‌లో చూపును చెడగొడుతుంది. పరీక్షా నివేదిక నిజమే, సర్టిఫికెట్ నిజమే, అయినా ఆ విమానంలో అది సురక్షితం కాదు.

8.4 వాతావరణం: రెంటచింతల ఎండలో, నల్లటి డ్యాష్‌బోర్డు మీద నిలబడేలా పరీక్షించిన పరికరానికి వేడి విషయంలో సందేహం ఉండకపోవచ్చు. ఓడ డెక్కు మీద నిలిపే హెలికాప్టరైతే ఉప్పు తుంపర పరీక్ష ఏ స్థాయిలో జరిగిందో చూడాలి. వేడి, తేమ, వైబ్రేషన్ వంటి పరీక్షల ప్రమాణమైన మిల్-స్టాండర్డ్-810 లో హెలికాప్టర్ వైబ్రేషన్ పరీక్ష రోటర్ తిరిగే వేగాన్ని బట్టి మారుతుంది కనుక, ఒక హెలికాప్టర్ కోసం చేసిన పరీక్ష మరో హెలికాప్టర్‌కు నేరుగా చాలదు.

8.5 తీర్పు: విద్యుత్ సరఫరా, విద్యుదయస్కాంత పరీక్షలు పరిమితులు ఒకటే అయితే స్వీకరిస్తారు. రంగు మార్చి, కాంతి పరీక్ష, అవసరమైన వైబ్రేషన్ పరీక్ష మళ్ళీ చేయిస్తారు. ఆ తర్వాత తమ సొంత ఆమోదం తామే ఇస్తారు.

గుర్తింపు వల్ల మిగిలిన లాభం ఏమిటని ఆ యూనిట్ యజమాని నిరాశపడనవసరం లేదు. అది లేకపోతే విద్యుత్, వేడి, చలి, తేమ పరీక్షలన్నీ, డిజైన్ ఆడిట్‌తో సహా, మొదటి నుంచి చేయించుకోవలసి వచ్చేది.

ఆస్ట్రేలియా నియమాల్లో కాన్ఫిగరేషన్, వినియోగం, వాతావరణం అనే ఈ మూడింటినీ కలిపే చూస్తారు. ఆ మూడు శీర్షికలతో ఒక ఖాళీ పట్టిక చేసి పెట్టుకుంటే ఏ వస్తువుకైనా సరిపోతుంది.

9. పరిశ్రమ సిద్ధంగా ఉంచుకోవలసినవి

☐ ఆమోద పత్రం, దానికి జతచేసిన షరతులు, పరిమితులు పూర్తిగా.
☐ పరీక్షా నివేదికలు: ఏ ప్రమాణం, ఏ రివిజన్, ఏ పద్ధతి, ఏ స్థాయి. "810 పాస్" అని ఒక్క మాట రాసిన నివేదిక పనికిరాదు.
☐ సాఫ్ట్‌వేర్ ఉంటే విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సి ప్రకారం ఏ స్థాయికి రాశారన్న దస్త్రం.
☐ మినహాయింపుల జాబితా, ఇంకా తెరిచి ఉన్న లోపాల జాబితా.
☐ మెటీరియల్ సర్టిఫికెట్ల నుంచి తుది తనిఖీ దాకా ఒక్క సీరియల్ నంబరును వెనక్కి వెతకగల రికార్డు.
☐ ఏ సమాచారం కొనుగోలుదారుకు ఇవ్వవచ్చో, దేనికి ప్రభుత్వ అనుమతి కావాలో రాసిన పట్టిక.

ఏఎస్9100 సర్టిఫికెట్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది నాణ్యతా నిర్వహణ వ్యవస్థకు సంబంధించినది. దాని వల్ల డిజైన్ ఆమోదం గాని, ఎగరడానికి అనుమతి గాని రాదు. అలాగే పౌర విమానయాన విడుదల పత్రమూ, సైనిక విడుదల పత్రమైన ఈమార్ ఫారం 1 చూడటానికి ఒకేలా ఉన్నా, వాటిని ఇచ్చిన అధికారం వేరు. స్వీకరించే సంస్థ ఏది కోరుతోందో ఆర్డరు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా అడగాలి.

10. తరచూ కనిపించే తప్పులు, దిద్దుబాట్లు

"మేమూ ఈమార్ అనుసరిస్తాం" అన్న మాటతో పరిశీలన ఆపేయడం. ఈమార్ తనంతట తాను చట్టం కాదు. ప్రతి దేశం దాన్ని తన నియమాల్లోకి మార్పులతో తెచ్చుకుంటుంది. ఆ దేశపు అమలు పత్రాన్నే చదవాలి.

సంతకాల తేదీని ముందే ప్రకటించడం. మంత్రుల పర్యటనకు ముడిపెట్టిన గుర్తింపులో తేడాల పట్టిక సగంలో ఆగిపోతుంది. తేదీ మారదనుకుంటే పరిధిని తగ్గించండి, పరిశీలనను తగ్గించకండి.

పాత పరిశీలనను కొత్త పనికి వాడటం. మెయింటెనెన్స్ కోసం జరిగిన గుర్తింపును డిజైన్ మార్పుల ఆమోదానికి లాగకూడదు. అదనపు భాగానికి మాత్రం ప్రశ్నావళి మళ్ళీ నింపి పరిధిని విస్తరించాలి.

పరిశీలన బృందంలో అందరూ ఒకే విద్య వారు కావడం. స్ట్రక్చర్స్ వారే వెళితే సాఫ్ట్‌వేర్ దస్త్రం తెరవరు. బృందాన్ని రెండో దశలో రాసిన పేజీని బట్టి ఎంచుకోవాలి.

11. గుర్తింపును నిలబెట్టుకోవడం, అవసరమైతే నిలిపివేయడం

పత్రం వచ్చాక దస్త్రం మూసేస్తే కొన్నేళ్ళకు అది ఖాళీ కాగితం అవుతుంది. కాలం ప్రకారం జరిగే పునఃసమీక్షతో పాటు, ఈ సంఘటనల్లో ఏది జరిగినా వెంటనే సమీక్ష మొదలుపెట్టాలి: ఎదుటి సంస్థ మరో శాఖ కిందికి మారడం, నియమావళి కొత్త కూర్పు రావడం, గుర్తింపు పరిధిలోని విమానానికి పెద్ద ప్రమాదం జరగడం, ముఖ్యమైన నిపుణులు పెద్ద సంఖ్యలో వెళ్ళిపోవడం.

ఎయిర్‌వర్తీనెస్ ఆదేశాలు రెండు వైపులా పారుతున్నాయో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఎదుటి సంస్థ ఇటీవల జారీచేసిన ఒక ఆదేశాన్ని ఎంచుకుని, అది మన వైపు ఏ రోజున ఎవరికి చేరింది, ఏ విమానాలకు వర్తిస్తుందని ఎవరు తేల్చారు, ఏ రోజున అమలైంది అన్నవి వెనక్కి వెతకండి. ఎక్కడ ఆగిందో అక్కడే మీ ఏర్పాటులో లోటు ఉంది.

నిలిపివేయవలసి వస్తే మొత్తం గుర్తింపును ఒకేసారి రద్దు చేయనవసరం లేదు. లోపం ఉన్న భాగాన్ని మాత్రం పరిధి నుంచి తప్పించి, ఆ భాగం ఆధారంగా ఇప్పటికే ఇచ్చిన ఆమోదాల జాబితా తీసి, ఒక్కొక్కదానికి కొనసాగింపు, పరిమితి, ఆపివేత అనే మూడింట్లో ఒకటి నిర్ణయించాలి. ఆ జాబితా ఆ రోజున వెతికితే దొరకదు కనుక, గుర్తింపు ఆధారంగా ఇచ్చే ప్రతి ఆమోదం మీదా ఆ గుర్తింపు పత్రం నంబరును మొదటి నుంచే రాస్తూ రావాలి.